తొంభై ఆరో స్థానం

పిల్లల టీకాల కేంద్రంలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా ఉండదు. తల్లులందరికీ ఆవిడ తూకాలమ్మ. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ హాల్లో కిటికీ పక్కన, తూకం తొట్టి ముందే ఆవిడ కుర్చీ. బిడ్డకి బట్టలన్నీ విప్పి తొట్టిలో పడుకోబెట్టాలి, కాళ్లకి మేజోళ్లు కూడా ఉండకూడదు. "మేజోళ్లు ఎంత బరువుంటాయండీ" అని ఏ తల్లయినా నసిగితే, "ఎంతుంటే నాకెందుకమ్మా, నేను తూచేది బిడ్డని, బట్టల కొట్టుని కాదు" అనేది. ముల్లు స్థిరపడేదాకా హాల్లో ఎవరూ మాట్లాడకూడదు. బిడ్డ మాత్రం ఏడవచ్చు.

తర్వాత ఎదుగుదల కార్డు తీసి, చెక్కిన పెన్సిలుతో చుక్క పెట్టేది. ఆ కార్డు మీద వంపు తిరిగిన గీతలుంటాయి. వాటిని పర్సంటైల్ గీతలంటారు. ఆ మాట వినగానే బిక్కమొహం వేసే తల్లులకి తూకాలమ్మ చెప్పినట్టు ఇంకే డాక్టరూ చెప్పలేడు. "మీవాడి ఈడు పిల్లల్ని వందమందిని బరువు వరసలో నిలబెట్టామనుకో. బక్కవాడు ముందు, బొద్దువాడు చివర. మీవాడు అరవయ్యో చోట నిలబడ్డాడు. అంటే సుమారు అరవైమంది వాడికంటే తేలిక. మిగతా పిల్లల బరువులు నువ్వు వెతుక్కోనక్కర్లేదు, ఆ లెక్కంతా ఈ గీతల్లోనే ఉంది. అర్థమైందా? అయితే ఏడుపు మానుకుని పాలియ్యి."

మనిషి మంచిదే. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. నాలుగో కాలు కళ్లముందు కదులుతున్నా ఒప్పుకోదు. ఈ గుణం తూకం తొట్టి దగ్గర ఎందరో పిల్లల్ని కాపాడింది. "వీళ్ల వంశంలో అందరూ సన్నమే" అని డాక్టరే తేల్చేసిన బిడ్డని పట్టుబట్టి పెద్దాసుపత్రికి పంపి బతికించిన సందర్భాలు మూడున్నాయి. అలాంటి మనిషికి తన మాట మీద తనకి గురి ఉండటంలో ఆశ్చర్యమేముంది.

అదే కేంద్రంలో పంతొమ్మిదేళ్లుగా ఒక ఆయా పనిచేసేది. నేల తుడవడం, నంబర్లు పిలవడం, సూదికి బెదిరిన పిల్లల కాళ్లు పట్టుకోవడం ఆమె పని. భర్త పోయాడు. అత్తగారు జారిపడి నడుం విరిగి మంచాన పడింది. కేంద్రానికి నాలుగు నిమిషాల నడక దూరంలో, ప్రింటింగ్ ప్రెస్ మీద ఒక్క గదిలో ఇద్దరూ ఉండేవారు. కింద యంత్రం ఆడుతుంటే గదిలో గ్లాసులు గలగలమనేవి. రోజూ మధ్యాహ్నం అరగంట విరామంలో ఆయా పరుగెత్తుకెళ్లి, అత్తగారికి నాలుగు ముద్దలు తినిపించి, ఒత్తిడి పుళ్లు పడకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి, మళ్లీ పరుగెత్తుకొచ్చేది. ఆ నాలుగు నిమిషాల దూరమే ఆ ముసలావిడ ప్రాణం.

గది యజమాని ఒక ముసలాయన. "నాలుగు లక్షల డెబ్బై వేలు తెచ్చియ్యి, గది నీ పేర రాస్తాను. ఐదేళ్లు ఆగుతాను. ఆ తర్వాత ఎవరు ముందొస్తే వాళ్లకి" అని కాగితం మీద రాసిచ్చాడు. ఆయా ఆ కాగితం పట్టుకుని తిన్నగా తూకాలమ్మ దగ్గరికొచ్చింది. "నెలకి ఆరు వేలు మిగుల్చుకోగలనక్కా. ఎందులో వెయ్యను?"

అప్పటికే తూకాలమ్మ తన రిటైర్మెంటు కోసం మ్యూచువల్ ఫండ్లు చూస్తోంది. నలుగురి డబ్బు పోగేసి, షేర్లలో పెట్టి, వచ్చిన లాభం ఎవరి వాటా వాళ్లకి కలిపే నిధులవి. బ్యాంకు కౌంటరు మీద మూడు నెలలకోసారి ఒక చిన్న పుస్తకం పెట్టేవారు. అందులో ఫండ్లన్నీ రకాలవారీగా ఉండేవి. ఒక్కోదాని ఎదురుగా మొత్తం రాబడి, అంటే ధర పెరిగినదీ, పంచిన డివిడెండ్ మళ్లీ అందులోనే వేస్తే వచ్చేదీ కలిపి, ఫండ్ ఖర్చులు పోను ఏడాదికి నూటికి ఎంత అని ఒక అంకె ఉండేది. దాని పక్క గడిలో, అదే రకం ఫండ్లలో దీని పర్సంటైల్ స్థానం ఎంత అని ఇంకో అంకె.

పర్సంటైల్ అన్న మాట కనపడేసరికి తూకాలమ్మకి పుట్టింటివాళ్లు కనపడ్డట్టయింది. ఆ పేజీలో వేలితో కిందికి వెళ్తూ వెళ్తూ తొంభై ఆరు దగ్గర ఆగింది. "చూడవే, ఇదీ బిడ్డంటే. వందలో తొంభై ఆరో చోట నిలబడింది" అంది. బ్యాంకు గుమాస్తా ఫారాలు తీసుకుంటూ, "ఇదేనాండీ, ఇంకోసారి చూసుకుంటారా" అని గొణిగాడు. "నువ్వు పుట్టకముందునుంచీ నేను పర్సంటైళ్లు చూస్తున్నాను నాయనా" అంది ఆవిడ. పాపం, అతను ఇంకేమంటాడు. ముద్ర వేసేశాడు. తూకాలమ్మ తన డబ్బు ఒక్కసారే వేసింది, ఆయా నెలనెలా వేసింది.

ఐదేళ్లూ పుస్తకం వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఆ గడి చూసుకునేవారు. తొంభై నాలుగు, తొంభై ఏడు, మళ్లీ తొంభై ఆరు. పక్కనున్న మొత్తం రాబడి మాత్రం రెండు, మూడు, మహా అయితే నాలుగు. ఆయా చదివింది ఐదో తరగతే అయినా కళ్లున్న మనిషి. "మా పక్కవీధి దర్జీ ఇంకోదాంట్లో వేశాడక్కా. బాగానే పెరిగిందట. మనదేంటి, నత్తనడక నడుస్తోంది?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "వానలు లేని ఏడు ఎవరి చేనైనా అంతే. ఆ ఎండలోనూ మనది అందరికంటే పచ్చగా ఉంది, అది చూడు. దర్జీ చెప్పేవన్నీ కోతలు. నోరు మూసుకుని కట్టు" అని కసిరింది తూకాలమ్మ. ఆయా నవ్వి ఊరుకుంది. పక్క పేజీలో దర్జీగారి ఫండ్ అంకె ఎంతో తూకాలమ్మ ఒక్కసారి చూసుంటే సరిపోయేది. కానీ పక్క పిల్లల బరువు వెతకడం ఆవిడకి అలవాటు లేదని చెప్పానుగా.

గడువు ఆఖరి నెల వచ్చింది. నాలుగో తారీఖున ఒక కొత్త తల్లి రెండు నెలల బిడ్డని తెచ్చింది. ఆఫీసు నుంచి పర్మిషన్ పెట్టుకుని వచ్చినట్టుంది, మెళ్లో గుర్తింపు కార్డు అలాగే వేలాడుతోంది. ఏదో ఫండ్ కంపెనీలో పని. తూకాలమ్మ బిడ్డని తూచి, చుక్క పెట్టి, కళ్లజోడు పైకి నెట్టింది. "మూడో పర్సంటైల్" అంది గంభీరంగా.

ఆ పిల్ల మొహం వికసించింది. "మూడేనా? అమ్మయ్య. సరిగ్గా తాగడంలేదని ఎంత హడలిపోయానో."

"ఏమిటమ్మా ఆ నవ్వు? వందమందిలో తొంభై ఏడుమంది నీ బిడ్డకంటే బరువున్నారంటుంటే."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సారీ అండీ. మా ఆఫీసులో ఒకటంటే అందరికంటే పైన. మా ఫండ్‌కి మూడో పర్సంటైల్ వచ్చిన రోజు మేనేజరు అందరికీ కేకు తెప్పించాడు. ఆ ధ్యాసలో..."

తూకాలమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. "మరి తొంభై ఆరంటే?"

"తొంభై ఆరా? అది అట్టడుగే అండీ. తొంభై అయిదు ఫండ్లు దానికంటే మేలన్నమాట. అలాంటి దాంట్లో ఎవరైనా ఉంటే బయటికి లాగెయ్యాలి."

తూకాలమ్మ సొరుగు వైపు చూసింది. అయినా చేతికింద బిడ్డ ఉంది. రెండు గంటలకోసారి పాలివ్వమనీ, బిడ్డ రొమ్ము పట్టే తీరు సరిచేసి చూపించీ, వారం తిరక్కుండా మళ్లీ రమ్మనీ చెప్పి పంపింది. ఆ నెలలో ఆవిడ చేసిన మంచిపని అదొక్కటేనని నేనంటాను. మధ్యాహ్నం అందరూ వెళ్లాక సొరుగులోంచి పుస్తకం తీసింది. మందు సీసాల మీది సన్నక్షరాలు చదివే భూతద్దం పేజీ అడుగున పెట్టింది. "స్థానం 1 అత్యుత్తమం, 100 అత్యల్పం" అని ఉంది. దాని పైవరసలో ఈ రకం ఫండ్ల సగటు రాబడి పదకొండు అని ఉంది. ఐదేళ్లలో ఇరవై పుస్తకాలొచ్చాయి. ఇరవైలోనూ ఆ రెండు వరసలూ ఉన్నాయి.

ఇంటికెళ్లి భర్త ముందు కూర్చుని లెక్క వేసింది. ఆయన లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి, ఇప్పుడు పొద్దుపోక గళ్లనుడికట్టు నింపుతుంటాడు. ఆయా కట్టింది మూడు లక్షల అరవై వేలు. అది ఇప్పుడు మూడు లక్షల ఎనభై ఎనిమిది వేలయింది. అదే వరసలో మధ్యలో నిలబడ్డ ఏ ఫండ్‌లో వేసినా నాలుగు లక్షల డెబ్బై దాటేది. గొప్పది అక్కర్లేదు, ఓ మాదిరిదైనా గది వచ్చేది. ఎనభై రెండు వేలు తక్కువ.

"పెరగడం తగ్గిందిగానీ, డబ్బు పోలేదుగా. చెప్పి ఏం బావుకుంటావు?" అన్నాడు ఆయన. "నీది కొంత తీసి అందులో కలిపి చేతిలో పెట్టు. పెరిగిందను. ఆమెకేం తెలుస్తుంది?"

ఆ మాట తూకాలమ్మకి తియ్యగా వినిపించింది. ఎనభై రెండు వేలు ఇవ్వడానికి ఆవిడ క్షణం వెనకాడలేదు, అది నిజం. కానీ అది దయ అనుకుంటే పొరపాటు. ఆవిడ కాపాడుకోవాలనుకున్నది ఆయా గదినీ, దాంతోపాటు తన పేరునీ. రెండింట్లో ఏది ఎక్కువో ఆ రాత్రి ఆవిడే చెప్పలేకపోయింది.

ఆరో తారీఖున, నెలాఖరుకి చేతికొచ్చేలా ఆయా ఫారం తానే నింపి ఇచ్చి, తన డబ్బూ వెనక్కి తీసుకుంటానని ఇంకో ఫారం ఇచ్చింది. పన్నెండున తనది తిరిగొచ్చింది. ఐదేళ్ల కిందటి చిరునామా ఉందట, కొత్తది రుజువు చెయ్యాలట. మర్నాడే కాగితాలు జతచేసి మళ్లీ ఇచ్చింది. పది పనిరోజులు పడుతుందన్నారు. వేళ్లమీద లెక్కపెట్టుకుంది, ఇరవై ఏడు. గడువు ముప్పై. ఎలాగో గట్టెక్కవచ్చు. ఈలోగా రోజూ ఆయాతో కలిసి పదకొండింటికి టీ తాగింది. దొంగకి తేలు కుట్టినట్టు, పైకి అరవలేక, లోపల మంట ఓర్చుకోలేక.

పదిహేనో తారీఖున నోటీసు బోర్డు దగ్గర ఆయా ఆగింది. ఉద్యోగుల సహకార సంఘం అప్పు దరఖాస్తులకి అదే ఆఖరి రోజు. లక్షదాకా ఇస్తారు, వారంలో చేతికొస్తుంది. ఆయా చేతిలో ఫారం పట్టుకుని వచ్చింది. "అక్కా, ఎందుకైనా మంచిది, ఇది పెట్టి ఉంచనా? మన ఫండ్ డబ్బు సరిపోకపోతే అక్కరకొస్తుంది."

చెప్పడానికి దేవుడిచ్చిన నిమిషం అది. తూకాలమ్మ నోరు తెరిచింది కూడా. హాల్లో పన్నెండుమంది తల్లులున్నారు, అందరూ తనని తూకాలమ్మ అనేవాళ్లే. "ఎందుకే, దండగ వడ్డీ" అంది. "సరిపోతుందని చెప్తున్నానుగా."

"అయితే సరే" అని ఆయా ఫారాన్ని రెండుగా మడిచి చెత్తబుట్టలో వేసింది. తూకాలమ్మ ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ అసహ్యం వేసినంత మాత్రాన నోరు పెగిలిందా అంటే, లేదు.

ఇరవై ఏడున బ్యాంకుకి వెళ్తే గుమాస్తా కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపాడు. "చిరునామా మార్చాక కొన్ని రోజులు డబ్బు బయటికి వదలరండీ. మోసాలు జరక్కుండా పెట్టుకున్నారు. ఐదో తారీఖుకి వచ్చేస్తుంది." ఆవిడ తిరిగి కేంద్రానికి నడిచింది. ఇక దాచడానికి చోటు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

తల్లులంతా వెళ్లిపోయారు. ఆయా తూకం తొట్టి తుడుస్తోంది. తూకాలమ్మ తన కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, భూతద్దం పెట్టి, మొత్తం చెప్పింది. ఒకటంటే ఏమిటో, వందంటే ఏమిటో, తొంభై ఆరంటే ఏమిటో చెప్పింది. తన డబ్బు ఐదున వస్తుందనీ, ఎనభై రెండు వేలూ తానే ఇస్తాననీ చెప్పింది. ఆయా తుడిచే గుడ్డ పక్కన పెట్టి, వంగి ఆ సన్నటి వరస కూడబలుక్కుని చదివింది.

"తప్పు చదివావు" అంది. "పోనీలే అక్కా. అంత చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు. దర్జీ మాట నేను గట్టిగా పట్టుకోవలసింది, నువ్వు కసిరితే ఊరుకున్నాను. అది నా తప్పు కూడా."

తూకాలమ్మకి ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగో తారీఖున."

ఆయా వేళ్ల మీద లెక్కపెట్టింది. "పదిహేనున నేను అప్పు ఫారం తెచ్చాను. నిన్ను అడిగానా, లేదా?"

"అడిగావు."

"అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ వద్దన్నావు."

ఆయా గుడ్డ తీసుకుని తొట్టి రెండో పక్క కూడా తుడిచి, బకెట్ నీళ్లు పారబోసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులు ఇద్దరూ చెరో వైపు తిరిగారు. తూకాలమ్మ ఇంట్లో ఉన్నదంతా ఊడ్చినా ముప్పై వేలే తేలాయి. దర్జీ పదివేలిచ్చాడు. సహకార సంఘం కార్యదర్శి కాళ్లావేళ్లా పడితే, వచ్చే నెల పదిహేనుకి రమ్మన్నాడు. ఇంకా నలభై రెండు వేలు తక్కువ. ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఇద్దరూ ముసలాయన గుమ్మంలో నిలబడ్డారు. ఐదు రోజులు ఆగమని తూకాలమ్మే బతిమాలింది. తప్పు తనదేనని చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. "ఐదేళ్లు ఆగానమ్మా. ప్రెస్సాయన కాగితం రీళ్లు పెట్టుకోవడానికి గది కావాలని ఆర్నెల్లుగా డబ్బు పట్టుకు తిరుగుతున్నాడు. నీకిచ్చిన మాట కోసమే ఆపాను. రేపు పొద్దున వస్తానన్నాడు" అన్నాడు. ఆయన్ని అనడానికి ఏముంది, చెప్పిన మాట చెప్పినట్టు నిలబెట్టుకున్న మనిషి. తలుపు మెల్లగానే వేసుకున్నాడు.

ఐదున తూకాలమ్మ డబ్బు వచ్చింది. ఎనభై రెండు వేలు కవర్లో పెట్టి ఆయాకిచ్చింది. తీసుకోదేమోనని భయపడింది. ఆయా తీసుకుంది. "వద్దనడానికి నేనేం ధర్మాత్మురాల్ని కాదు. కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి, సామాను బండికి ఇవ్వాలి" అంది. కొత్త ఇల్లు ఊరి అవతలి కొసన దొరికింది. రెండు బస్సులు మారాలి, గంటంబావు. మధ్యాహ్నం పరుగెత్తుకెళ్లి రావడం ఇక కుదరని పని. మొదటి రెండు వారాలు పక్కింటి పిల్లని బతిమాలుకుంది. ఆ పిల్ల తినిపించేది కానీ, తిప్పి పడుకోబెట్టడం చేతకాలేదు. మూడో వారానికి ముసలావిడ నడుం కింద చర్మం ఎర్రబడి పగిలింది. ఈ సంగతి తూకాలమ్మకి ఆయా చెప్పలేదు. పట్టీలూ మందూ పెట్టే అలమరాలో పుండుకి కట్టే గాజుగుడ్డ తగ్గిందేమని డాక్టరు అడిగితే, ఆయా చెప్పిన జవాబు విని తెలుసుకుంది.

ఆ రోజంతా తూకాలమ్మ చుక్కలు పెట్టింది, కానీ ప్రతి చుక్కకీ రెండుసార్లు చూసుకుంది. ఒక తల్లి పర్సంటైల్ అంటే ఏమిటని అడిగితే, వెంటనే చెప్పలేక కార్డు తిప్పి వెనకవైపు అచ్చులో ఉన్నదంతా మొదట చదివింది.

సాయంత్రం ఆయా వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. బదిలీ దరఖాస్తు. ఊరి అవతల, కొత్త ఇంటికి రెండు వీధుల దూరంలో ఇంకో టీకాల కేంద్రం ఉంది. అక్కడ ఖాళీ ఉందట. కేంద్రం ఇన్‌ఛార్జి సంతకం కావాలి. ఇన్‌ఛార్జి తూకాలమ్మే.

ఆవిడ కాగితం చదివింది. కింద సన్నక్షరాల దాకా చదివింది. ఉండిపొమ్మని అడగడానికి నోట్లో మాట ఉంది. ఆ ముసలావిడ నడుం గుర్తొచ్చింది. పెన్ను తీసి సంతకం పెట్టింది.

"తేదీ కూడా వెయ్యండి మేడమ్" అంది ఆయా. "లేకపోతే వెనక్కి పంపుతారు."

తూకాలమ్మ తేదీ వేసింది.